కొండ సింహానికి కొన్న చిన్న తుపాకీ

ఏప్రిల్ 30, మంగళవారం

డైరీ రాయమని నా పన్నెండో ఏట నుంచీ చర్చిలో చెబుతూనే ఉన్నారు. మా అమ్మ రాసింది. తోపుడు బండి వెనక నడుచుకుంటూ మైదానాలు దాటి ఈ లోయకి వచ్చిన మా ముత్తవ్వ, దారిలో బిడ్డని పాతిపెట్టిన రోజు కూడా రాసింది. నేను మాత్రం రాయలేదు. గొర్రెలు, సీసాల్లో పట్టిన పీచ్ పళ్ళు, ఇద్దరు కూతుళ్ళ పెళ్ళిళ్ళు. ఇందులో రాయడానికేముంది అనుకున్నాను.

ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, నా గోడు చెప్పుకునే చోటు ఒక్కటే ఉండేది, ప్రార్థన. మా ఇంట్లో అది పొద్దునా సాయంత్రం మంచం పక్కన ఇద్దరం మోకరించి పైకే చేస్తాం. థేన్ వింటాడు. నా భర్త వినకూడనిది దేవుడికి పైకి ఎలా చెప్పను? మనసులో చెప్పి చూశాను. ఆ మాట బయటికి పోకుండా మనసులోనే తిరుగుతోంది.

అందుకని ఈ నోటు పుస్తకం కొన్నాను. పిండి డబ్బా వెనక ఉంటుంది.

మే 1, బుధవారం

మార్చి సంగతి ఒక్కసారే రాస్తాను.

అక్టోబరులో థేన్ వాళ్ళ అన్న రూలన్ తన ప్రాణం తనే తీసుకున్నాడు. అంత్యక్రియల్లో థేన్ ఏడవలేదు. తర్వాత నెమ్మదిగా తిండి తగ్గింది, మాట తగ్గింది. మార్చి పద్నాలుగున పాలసీసాలు పట్టుకుని గొర్రెల కొట్టంలోకి వెళ్ళాను, తల్లిలేని గొర్రెపిల్లలకి పట్టాలని. థేన్ గడ్డిమోపు మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో రైఫిలుంది. 'శుభ్రం చేస్తున్నా' అన్నాడు. చేతిలో గుడ్డ లేదు, పక్కన నూనె సీసా లేదు.

నేను పాలు పట్టడం పూర్తి చేశాను. పిల్లలన్నిటికీ పట్టాను. తర్వాత ఆయన్ని భోజనానికి రమ్మన్నాను, వచ్చాడు. ఆ సాయంత్రమే నేను కబురు పెడితే మా ఊరి చర్చి పెద్ద, బిషప్ ఓల్డ్రాయిడ్, గుర్రాల్ని తరలించే ట్రెయిలర్ తెచ్చి, ఇంట్లో ఉన్న ఏడు తుపాకులనీ దుప్పట్లలో చుట్టి తీసుకుపోయాడు. థేన్ అడ్డుచెప్పలేదు. వరండాలో నిలబడి, 'ఆ చివరిది మా నాన్నది, తడి తగలకుండా చూడండి' అన్నాడు, అంతే.

గురువారాలు డాక్టరు దగ్గరికి వెళుతున్నాడు. మాత్రలు వేసుకుంటున్నాడు. పిల్లలకి చెప్పలేదు.

మే 4

కొండ సింహం, మా వైపు పిల్లి అనే అంటాం, మూడు గొర్రెపిల్లల్ని చంపింది. ఒకదాన్నే తింది.

మే 6, సోమవారం

ఈసారి ఈడ్చుకుపోయింది పెద్ద గొర్రెని. వాగు పక్క విల్లో పొదల్లో ఆకులు కప్పి దాచింది. ప్రభుత్వ వేటగాడు కుక్కల్ని తెచ్చి రెండు రోజులు తిరిగాడు. బండల మీద జాడ పోయిందన్నాడు.

సాయంత్రం గొర్రెల్ని చూడ్డానికి నేనే వెళుతున్నాను. థేన్ మంచం మీంచి లేచేది పిప్‌కి తిండి పెట్టడానికే. పిప్ మా గొర్రెల కుక్క, తొమ్మిదేళ్ళది, దానికి థేన్ తప్ప వేరే మనిషి కనపడడు. అది మంచం పక్కకి వచ్చి ముక్కుతో ఆయన చెయ్యి ఎత్తుతుంది, లేచేదాకా వదలదు. అది చాలు నాకు.

నిన్న వెళ్ళిన దారినే తిరిగొస్తుంటే బురదలో నా బూటు గుర్తులు కనబడ్డాయి. వాటి మీద కొండ సింహం అడుగులు. నేను పోయేటప్పుడు నా వెనకే వచ్చింది.

మే 7

బిషప్ దగ్గరికి వెళ్ళాను. ఆయన మామూలు రోజుల్లో స్కూలు బస్సులు బాగుచేస్తాడు. బస్సు కింద నుంచే మాట్లాడాడు.

'రైఫిల్ ఒకటి తిరిగిస్తారా బిషప్? పిల్లి నా వెనకే వస్తోంది.'

బండి కింద నుంచి బయటికొచ్చి చేతులు తుడుచుకున్నాడు. 'సిస్టర్ మ్యాడ్సెన్, రైఫిల్‌ని ఎక్కడ పెడతారు? మంచం కిందా? స్నానానికి వెళ్ళేటప్పుడు ఎక్కడ పెడతారు? అది ఎక్కడో ఒక చోట ఆనించక తప్పదు.'

'మరి గొర్రెలో?'

'గొర్రెలు పోతే మళ్ళీ పుడతాయి.' చేతులు తుడిచిన గుడ్డ మడిచి, 'ఒంటి మీద నుంచి దిగకుండా ఉండేదేదైనా ఉంటే అది వేరే సంగతి' అన్నాడు. ఆ మాట అన్నందుకు తనే బాధపడ్డట్టు మళ్ళీ బస్సు కిందికి దూరాడు.

మే 9, గురువారం

థేన్‌ని డాక్టరు దగ్గర దింపి, గంట టైముంది కదా అని దాణా కొట్టుకి వెళ్ళాను. వెనక గదిలో తుపాకులమ్మే ట్వైలాకి డెబ్బై ఏళ్ళుంటాయి. మా చర్చి కాదు, ఏ చర్చీ కాదు.

గార్న్ కూడా ఉన్నాడక్కడ, మా పొలానికి కంచె అవతలివాడు. నన్ను చూడగానే మొదలుపెట్టాడు. 'ఏడు తుపాకులుండే ఇంట్లో నుంచి తుపాకీ కొనడానికొచ్చారా సిస్టర్? ఏంటి, బిషప్ చర్చికిచ్చే పదో వంతు కింద డబ్బుకి బదులు తుపాకులు పట్టుకుపోతున్నాడా?'

నవ్వాను. నవ్వడం వచ్చు నాకు.

'నీ ఉప్పు బస్తాకి డబ్బు కట్టేసి పోరా గార్న్' అంది ట్వైలా. వాడు వెళ్ళాక, 'పిల్లికా, మనిషికా?' అని అడిగింది.

'పిల్లికే.'

'మంచిది. మనిషికైతే వేరే అబద్ధాలు చెప్పాలి.' అద్దాల పెట్టె మీద మెత్తటి గుడ్డ పరిచి మొదట పెద్ద రివాల్వర్ పెట్టింది. జానెడు గొట్టం, ఆరు తూటాలు. 'పిల్లికి సరైంది ఇదే. బరువుంది కాబట్టి చేతిలో కుదురుగా ఉంటుంది, ఇరవై అడుగుల్లో పళ్ళెం కొడతావు.'

చేత్తో పట్టుకున్నాను. నడుము దగ్గర పెట్టి చూశాను. గౌను కింద కుండ పెట్టుకున్నట్టుంది.

'ఇంకా చిన్నది?'

చదునుగా ఉండే పిస్తోలు ఒకటి చూపించింది. పది తూటాలు పడతాయి. పైభాగాన్ని వెనక్కి లాగాలి, నా బొటనవేలి కీళ్ళు దానికి లొంగలేదు. మూడుసార్లు లాగాను.

'ఇంకా చిన్నది' అన్నాను.

ట్వైలా ఆ పిస్తోలు తీసి పక్కన పెట్టింది. 'చిన్నదంటే గొట్టం పొట్టి. గొట్టం పొట్టిదైతే గురి పోతుంది. తేలికైతే గాడిదలా తంతుంది. బరువు చేతికి మంచిది, తేలిక నడుముకి మంచిది. రెండూ కావాలంటే మీ దేవుణ్ణి అడుగు తల్లీ, నా దగ్గర లేదు.'

'నడుముకి మంచిదే ఇవ్వండి.'

ఐదు తూటాల ముప్పై ఎనిమిది కాలిబర్ రివాల్వర్ ఇచ్చింది. తూటాని కొట్టే సుత్తి లోపలే దాగి ఉంటుంది, బట్టకి తగులుకోదు. నా అరచేతిలో పట్టింది. కడుపు కింద కట్టుకునే గుడ్డ ఒర కూడా ఇచ్చింది, బాలింతలు కట్టుకునే నడికట్టులాంటిది. నిలబడ్డా, కూర్చున్నా, వంగినా కనబడలేదు. అద్దం ముందు మోకరించి కూడా చూశాను. ట్వైలా వెనక పట్టీ సరిచేసింది.

తూటాల విషయంలో మాత్రం గట్టిగా చెప్పింది. 'ఎలుగుబంటికైతే గట్టి సీసం, మొద్దు మూతి. పిల్లి ఒళ్ళు పలచన, దానికి ఇదిగో, మూతిలో గుంట ఉన్నది. లోపల విచ్చుకుంటుంది. ఈ పొట్టి గొట్టంలో బలమైన రకం వేస్తే మంట, చప్పుడు, చేతినొప్పి, ఇంకేం రావు. ఐదింటిలోనూ ఇవే వెయ్యి. కలపకు.'

'మా నాన్న తుపాకీలో మొదటి తూటా గది పాములకి ఉంచేవాడు' అన్నాను. సన్న గుళ్ళు నింపిన తూటా. బండల్లో నడిచేవాళ్ళందరూ మా వైపు అంతే.

'మీ నాన్న పాముల్ని చంపాడు. నువ్వు పిల్లికి కొంటున్నావు.'

సరే అన్నాను. పాము తూటాల డబ్బా కూడా చిన్నదొకటి తీసుకున్నాను, ఊరికే.

చిన్నది ఎందుకు కొన్నానంటే నా చేతులకి నొప్పులు. అందుకే.

మే 11

కంకర గోతి దగ్గర పాత పళ్ళెం నిలబెట్టి కాల్చాను. పదిహేను అడుగులు. పదింటిలో నాలుగు తగిలాయి. బొటనవేలి మొదలు ఊదారంగుకి తిరిగింది. గేటు తగిలిందని థేన్‌తో చెప్పాను. ఆయన నా చెయ్యి తన చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసి వదిలేశాడు.

ఆయనకి తుపాకీ సంగతి చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం లేదు.

మే 12, ఆదివారం

చర్చి తలుపు మీద కాగితం అంటించి ఉంది, ఆయుధాలతో లోపలికి రావద్దని. ఎన్నేళ్ళుగా ఉందో, ఇవాళే చదివాను.

థేన్ చర్చికి రావడం మానేశాడు. తుపాకీని ఇంట్లో వదల్లేను. బండిలో పెట్టి తాళం వెయ్యొచ్చు, కానీ బండికి రెండు తాళం చెవులు, రెండోది వంటింటి మేకుకి వేలాడుతూ ఉంటుంది. కట్టుకునే లోపలికి వెళ్ళాను.

ప్రభువు పేరిట పంచే రొట్టె పళ్ళెం వరసలో చేతులు మారుతూ వచ్చింది. నేను తీసుకోకుండా పక్కకి అందించాను. నీళ్ళ పళ్ళెం కూడా. పక్కన కూర్చున్న సిస్టర్ నీల్డా తల తిప్పలేదు, కానీ చూసిందని తెలుసు. ముప్పై ఏళ్ళలో నేను తీసుకోని ఆదివారం లేదు. ఏం పాపం చేసిందో అనుకుంటారు. అనుకోనీ.

మే 15

జాడ లేదు.

మే 19, ఆదివారం

తీసుకోలేదు.

మే 21

పాము. వాగు దగ్గర బండ మీద, తోక ఆడిస్తూ ఉంది. తుపాకీ తీశాను గానీ ఆ గుంటమూతి తూటాతో దాన్ని కొట్టలేకపోయాను, బండకి తగిలి నిప్పులొచ్చాయి. నాన్న సరిగ్గానే చెప్పేవాడు. మొదటి గదిలో పాము తూటా వేశాను. మిగిలిన నాలుగూ పిల్లికి. నాలుగు చాలు.

మే 26, ఆదివారం

ఆరాధన అయ్యాక బిషప్ తన గదిలోకి పిలిచాడు. తలుపు వేసి కూర్చోమన్నాడు.

'మూడు వారాలైంది సిస్టర్, రొట్టె తీసుకోవట్లేదు. వేదిక మీంచి చూస్తే అన్నీ కనబడతాయి. ఏదైనా చెప్పాలనుకుంటే వింటాను.'

'నా ఒంటి మీద తుపాకీ ఉంది బిషప్.'

ఆయన కుర్చీలో వెనక్కి ఆనాడు. 'ఇప్పుడా? ఇక్కడా?'

'ఒంటి మీద నుంచి దిగకుండా ఉండేదైతే వేరే సంగతని మీరే అన్నారు.'

'అన్నాను' అన్నాడు. తర్వాత అడిగాడు, 'థేన్‌కి తెలుసా?'

'తెలీదు.'

'రోజంతా అలాగేనా? ఇరవై నాలుగు గంటలూనా?'

'ఆయన మంచిగా ఉన్నాడు బిషప్. నిన్న రెండు గుడ్లు తిన్నాడు.'

అడిగినదానికి జవాబు అది కాదని ఇంటికొచ్చాక తెలిసింది. ఆదివారాలు తుపాకీ తనకి ఇచ్చి లోపలికి రమ్మన్నాడు, బయట మెట్ల దగ్గర తీసుకుంటానన్నాడు. మరి సాయంత్రం? మరి సోమవారం? ఊరికే తల ఊపి వచ్చేశాను.

జూన్ 2

తీసుకోలేదు. ఇవ్వనూ లేదు.

జూన్ 5, బుధవారం

థేన్ ఇవాళ తనంతట తనే బూట్లు వేసుకున్నాడు. 'నేనూ వస్తా, గొర్రెల్ని చూసి చాన్నాళ్ళైంది' అన్నాడు. నేను వంటగదిలోకి వెళ్ళి పొయ్యి పట్టుకుని నిలబడ్డాను, మొహం సరిచేసుకునేదాకా.

జూన్ 6

నిన్నటిది పూర్తిగా రాయలేదు. ఇప్పుడు రాస్తాను.

ఎండ ఇంకా ఉంది. పిప్ ముందు, థేన్ మధ్య, నేను వెనక. దారిలో మాట్లాడాడు. ఈ యేడు గడ్డి బాగుందన్నాడు. వాగు దగ్గరికి రాగానే పిప్ ఆగి, వెంట్రుకలు లేపి, ఒక్కసారిగా పొదల్లోకి దూకింది. లోపల ఒక గొర్రె కిందపడి కొట్టుకుంటోంది, దాని మీద పిల్లి. నేననుకున్నదానికన్నా పొడుగు, రంగు ఎండుగడ్డి రంగు. గొర్రెని వదిలి పిప్ మీదికి తిరిగింది.

నేను గౌను ఎత్తి తుపాకీ తీశాను. థేన్ ఎదుటే. ఆ క్షణంలో సిగ్గు కూడా వేసింది, భర్త ముందు దొంగసొత్తు తీసినట్టు. పదిహేను అడుగులు. కాల్చాను. పాము తూటా. గుళ్ళు తగిలి పిల్లి ఒంటి మీద దుమ్ము లేచింది, అది కాస్త వంగింది, పిప్‌ని వదల్లేదు. మిగిలిన నాలుగూ ఉన్నాయి. కానీ రెండూ ఒకటైపోయి దొర్లుతున్నాయి.

థేన్ నా వైపు చెయ్యి చాపాడు. నెమ్మదిగా, 'జనీల్, ఇటివ్వు' అన్నాడు.

ఈ లోయలో థేన్‌ని మించి గురి ఉన్నవాడు లేడు. పెళ్ళైన కొత్తలో నాణేన్ని గాలిలో కొట్టి చూపించాడు నాకు.

నేను రెండడుగులు వెనక్కి వేశాను. తుపాకీని వీపు వెనక పెట్టుకున్నాను.

థేన్ అప్పుడు పిల్లిని చూడట్లేదు. నన్నే చూస్తున్నాడు. ఎంతసేపు చూశాడో. పిప్ అరుస్తూనే ఉంది. తర్వాత ఆయన కింద పడున్న కొమ్మ తీసుకుని, అరుస్తూ, దాని మీదికి పరిగెత్తాడు. ఆ పరుగు పిప్‌ని విడిపించడానికా, పిల్లికి చిక్కడానికా, అది రాయను.

పిల్లి పొదలు దాటి పోయింది. ఆయనకి గీత కూడా పడలేదు. పిప్ ఆయన ఒళ్ళో ఇంకో పావుగంటే ఊపిరితో ఉంది.

జూన్ 7

మాట్లాడలేదు. తినలేదు. పొద్దున కుక్క గిన్నె కడిగి బోర్లించాడు.

జూన్ 8

మాట్లాడలేదు.

పాము తూటా వెయ్యకపోయి ఉంటే ఆయన చెయ్యి చాపే పని ఉండేది కాదు. ట్వైలా చెప్పింది. కలపకన్నది. తప్పంతా ఆ తూటాదే.

జూన్ 9, ఆదివారం

కాదు. తూటాది కాదు. వీపు వెనక పెట్టుకున్న చేతిది.

మళ్ళీ అదే జరిగితే మళ్ళీ అలాగే పెట్టుకుంటాను. పిప్ లాంటి పది కుక్కలు పోయినా. ఇది పశ్చాత్తాపం కాదు కాబట్టి ప్రార్థనలో పెట్టలేను.

చర్చికి వెళ్ళలేదు.

జూన్ 10, సోమవారం

మధ్యాహ్నం భోజనం దగ్గర థేన్ మాట్లాడాడు. బంగాళాదుంపలు వడ్డిస్తున్నాను.

'స్నానానికి వెళ్ళినప్పుడు దాన్ని తువ్వాళ్ళ కింద పెడతావు. పచ్చ తువ్వాలు కింద. ఆ తలుపుకి గడియ లేదు.'

గరిటె చేతిలోనే ఉండిపోయింది.

'గేటు తగిలిందన్న రోజునే తెలిసింది నాకు. గేటు తగిలితే అక్కడ కమలదు. నెల రోజులు జనీల్. కావాలంటే ఏ రోజైనా అది నా చేతికొచ్చేది.'

'మరి?' అన్నాను.

'ఒకసారి తలుపు దాకా వచ్చాను. పిప్ వెనకాలే వచ్చి చెయ్యి ఎత్తింది. దాని తిండి టైమైంది.' నీళ్ళు తాగాడు. 'వెళ్ళి పెట్టాను.'

నేను కూర్చున్నాను. ఆయన ఎదురుగా కాదు, పక్కన.

'నన్ను నమ్మలేదని కోపం లేదు. నేనైనా నమ్మను' అన్నాడు. 'కానీ అట్లా వెనక్కి అడుగేసినప్పుడు నీ మొహం చూశాను. పిల్లిని చూసి కూడా నువ్వంత భయపడలేదు. అది మాత్రం పోవట్లేదు నా కళ్ళలోంచి.'

'ఇంకెప్పుడూ అలా చెయ్యనని మాటివ్వు థేన్.' మార్చి నుంచీ నోట్లో ఉన్న మాట. ఎంత చిన్నదో అది.

తల అడ్డంగా ఊపాడు. 'ఎప్పుడూ అంటే ఇవ్వలేను. అబద్ధమవుతుంది. నన్ను ప్రతి పొద్దునా అడుగు. ఆ ఒక్క రోజుకి చెప్తా.'

సాయంత్రం తుపాకీ బిషప్‌కి ఇచ్చేశాను. థేన్ కూడా బండిలో ఉన్నాడు. నడికట్టు విప్పేసరికి నడుము చుట్టూ ఎర్రటి గీత పడి ఉంది. గొర్రెల దగ్గరికి ఇక ఇద్దరం కలిసే వెళతాం, చెరో కర్ర, రేకు డబ్బాలో రాళ్ళు. ఇద్దరు మనుషులూ చప్పుడూ ఉంటే పిల్లి దగ్గరికి రాదని వేటగాడు చెప్పాడు. రావచ్చు కూడా.

జూన్ 11

మోకరించే ముందు అడిగాను. 'ఈ రోజుకి ఉంటా' అన్నాడు.

జూన్ 12

అడిగాను. ఉంటానన్నాడు.

జూన్ 13, గురువారం

అడిగాను. తల ఊపాడు. నోటితో చెప్పమన్నాను. చెప్పాడు. వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళాం, అక్కడ ఆయనే అన్నీ చెప్పాడు, తలుపు దాకా వచ్చిన సంగతి కూడా. నేను పక్కనే ఉన్నాను.

జూన్ 14

పిల్లి మళ్ళీ ఒకదాన్ని తీసుకుపోయింది. అడిగాను. ఉంటానన్నాడు.

జూన్ 15

అడిగాను. జవాబు రాలేదు. ఆయన దుప్పటి అంచు చూస్తూ ఉండిపోయాడు. నేను లేవలేదు. మోకాళ్ళు తిమ్మిరెక్కాయి. పాలకోసం గొర్రెపిల్లలు అరుస్తూనే ఉన్నాయి, అరవనిచ్చాను. చాలాసేపటికి, 'మధ్యాహ్నం దాకా' అన్నాడు.

మధ్యాహ్నం మళ్ళీ అడిగాను.

జూన్ 16, ఆదివారం

పేజీలు అయిపోవచ్చాయి. ఇంకో పుస్తకం కొనను. ఇకమీద రాయాల్సింది ఒక్క మాటే, అది పొద్దున నోటితో అడిగేది.

షైలా, కోరీ, మీ ఇద్దరిలో ఎవరికి దొరికినా, దీన్ని కాల్చకండి. మన వాళ్ళలో డైరీలు బంధువుల కూడికల్లో పైకి చదువుతారు, ముత్తవ్వది చదివి ఏడుస్తాం. ఇది మాత్రం అలా చదవొద్దు. మీ నాన్న ఎన్ని రోజులు ఉంటే అన్ని రోజులు తనే ఎంచుకుని ఉన్నాడని తెలియడానికి మాత్రం దాచండి. చూపించకండి.

ఇవాళ అడిగాను. ఇంకా బూట్లు వేసుకుంటున్నాడు, చెప్పలేదు. ఇక్కడే కూర్చుని ఉన్నాను.